పోస్టర్ చూసినవాడు ఏం చేయాలి?

సంపాదకుడు గారికి,

జూన్ 5 ప్రపంచ పర్యావరణ దినోత్సవం దగ్గరపడితే చాలు, పోస్టర్ల పోటీలు మొదలవుతాయి. పిల్లలు కష్టపడి వేస్తారు, కాదనను. కానీ చాలా వాటిలో బొమ్మ ఒకటే. నోట్లో థర్మామీటరుతో జ్వరమొచ్చిన భూగోళం, ఒక పక్క బీటలు వారిన నేల, మరో పక్క పచ్చదనం, మధ్యలో మొక్క పట్టుకున్న రెండు చేతులు. పైన 'భూమిని కాపాడుదాం'. సరే, ఎలా? దానికి మాత్రం పోస్టర్‌లో జవాబు ఉండదు. 'పళ్లు తోముకునేంతసేపు కుళాయి కట్టేయండి' అని రాసి, పొర్లిపోతున్న మగ్గు బొమ్మ వేసి వాష్‌బేసిన్ పైన అతికిస్తే దానికి బహుమతి రాకపోవచ్చు గానీ నీళ్లు మిగులుతాయి.

ఇంకో పొరపాటు, 'అందరూ చెత్త పారేస్తున్నారు' అని వాపోవడం. అమెరికాలో అరిజోనాలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్ నేషనల్ పార్కులో రాయిగా మారిన చెట్ల ముక్కల్ని సందర్శకులు జేబులో వేసుకుపోతుంటారు. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ చాల్డీని బృందం అక్కడ రకరకాల బోర్డులు పెట్టి చూసింది. ఇంతకుముందు వచ్చినవాళ్లు చాలామంది ముక్కలు పట్టుకుపోయారని చెప్పిన బోర్డు ఉన్నప్పుడు, ఆ బృందం గుర్తులు వేసి ఉంచిన ముక్కల్లో దాదాపు 8 శాతం మాయమయ్యాయి. దయచేసి తీసుకెళ్లకండి అని అడిగినప్పుడు 2 శాతం కూడా పోలేదు. నలుగురూ చేస్తున్నారని మనమే చాటింపు వేస్తే, ఐదోవాడికి ధైర్యం రాదా మరి?

ఇక ఫ్లెక్సీల సంగతి. 'ప్లాస్టిక్ వద్దు' అన్న నినాదాన్నీ పీవీసీ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫ్లెక్సీ మీదే అచ్చేయిస్తున్నారు! అది మట్టిలో కలవదు. కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్ల వంటి విషాలు గాలిలోకి వస్తాయి. కాగితం, నూలు గుడ్డ, గోడ మీద రంగులు ఉండగా ఈ ఖర్మ ఎందుకో!

పోటీలు పెట్టేవాళ్లకు నా మనవి ఒకటే. మార్కులు వేసేముందు 'ఇది చూసినవాళ్లు ఏ పని చేస్తారు, దీన్ని ఎక్కడ అతికిస్తారు' అని వేసినవాళ్లనే అడగండి. ఫ్లెక్సీని, లామినేషన్‌ని నిబంధనల్లోనే వద్దనండి. గెలిచిన పోస్టర్‌ను బీరువాలో దాచకుండా పనికొచ్చే చోట అతికించండి. మీ పత్రిక కూడా బహుమతి ప్రదానం ఫొటోకు బదులు ఆ పోస్టర్‌నే, అక్షరాలు చదవడానికి వీలయ్యేంత పెద్దగా, వేస్తే బాగుంటుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు