డబుల్స్‌కు ప్రత్యేక కోచ్‌లు కావాలి

మన బ్యాడ్మింటన్ అకాడమీల్లో చాలాచోట్ల డబుల్స్ ఆటగాళ్లను మొదటి నుంచీ తయారు చేయడం లేదు, సింగిల్స్‌లో వెనకబడ్డ పిల్లల్ని అటు పంపేస్తున్నారు. జూనియర్ టోర్నీలకు వెళ్లి చూస్తే ఎంట్రీల గడువు ముగిసే రోజున హడావుడిగా జంటలు కుదుర్చుకునేవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. కోర్టులో ఇద్దరూ ఒకే షటిల్‌కి పరుగెత్తి రాకెట్లు తగిలించుకుంటారు, లేదంటే నీదంటే నీదని మధ్యలో వదిలేస్తారు. దాడిలో ముందూ వెనకా, డిఫెన్స్‌లో పక్కపక్కన సర్దుకోవడం ఏళ్ల తరబడి కలిసి ఆడితేనే వస్తుంది. 2011లో గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం గెలిచారు. 2023లో సాత్విక్, చిరాగ్ ఆసియా క్రీడల స్వర్ణంతో పాటు ప్రపంచ నంబర్‌వన్ ర్యాంకూ సాధించారు. అయినా ఈ ధోరణి మారలేదు. పైగా డబుల్స్‌లో ర్యాంకు జంటకే ఇస్తారు. ఒకరికి భుజం పట్టేస్తే, ఒంట్లో ఏ బాధా లేని రెండో ఆటగాడి సీజన్ కూడా పోతుంది. ప్రైజ్‌మనీ ఎలాగూ ఇద్దరూ పంచుకోవాల్సిందే. అండర్-15 స్థాయి నుంచే అకాడమీల్లో ప్రత్యేక డబుల్స్ కోచ్‌ను నియమించాలి. భాగస్వామి గాయంతో ఖాళీగా ఉండాల్సి వచ్చిన క్రీడాకారులకు ఆ కొన్ని నెలలూ రాష్ట్ర సంఘాలు స్టైపెండ్ ఇవ్వాలి.