గడ్డి కోసే మిషన్లు, మన పిల్లలు: అన్నయ్యకు ఉత్తరం

పూజ్యులైన అన్నయ్యకు, వదినకు,

నమస్కారాలు. ఇక్కడ మేమందరం క్షేమంగా ఉన్నాము. అక్కడ మీరందరూ క్షేమమేనని తలుస్తున్నాను.

తోట కోసం కొత్తగా తెప్పించిన మిషన్లను చూపిస్తూ మీరు పంపిన వీడియో చూశాను. అన్నయ్యా, కూర్చుని నడిపే పెద్ద మిషను మీద మీరు చిన్నదాన్ని ఒళ్లో పెట్టుకుని తిప్పుతున్నారు, పెద్దవాడు కేరింతలు కొడుతూ వెనకాలే పరుగెత్తుతున్నాడు. పిల్లల సంతోషం ముచ్చటగానే ఉంది గానీ, నా చూపు మాత్రం వాళ్ల ముఖాల మీద నిలవలేదు, ఆ చక్రాల మీద, వాటి మధ్య బ్లేడును కప్పి ఉండే రేకు డొప్ప మీద నిలిచిపోయింది. ఫోనులో చెబితే నాలుగు మాటల్లో తేలిపోతుంది. ఉత్తరమైతే ఇద్దరూ నిదానంగా చదువుకోవచ్చునని రాస్తున్నాను. కారణాలు తర్వాత వివరిస్తాను. ముందుగా నేను కోరేది ఒక్కటే: పిల్లలను ఆ మిషను మీద ఇకపై ఎన్నడూ కూర్చోబెట్టకండి, ఇంజను ఆపి ఉన్నప్పుడు కూడా.

నేను ఫిజియోథెరపిస్టుగా పనిచేసే పిల్లల ఆసుపత్రికి, ఏటా గడ్డి పెరిగే కాలం మొదలవగానే, ఈ మిషన్ల కింద పడిన పిల్లలు వస్తుంటారు. కత్తితో తెగితే గాయం అంచు శుభ్రంగా ఉంటుంది, కుట్లు వేస్తే అతుకుతుంది. ఈ బ్లేడు చేసే గాయం అటువంటిది కాదు. చర్మం, కండ, ఎముక ఒకేసారి చితికిపోతాయి. మట్టి, గడ్డి, వేసుకున్న మేజోడు పీలికలు గాయం లోపలికంటా దిగబడి ఉంటాయి. వాటిని కడిగి తీయడానికే పిల్లలకు మళ్లీ మళ్లీ మత్తు ఇచ్చి ఆపరేషన్ గదికి తీసుకువెళ్లవలసి వస్తుంది. ఎక్కువగా దెబ్బతినేవి పాదాలు, కాలివేళ్లు, చేతివేళ్లు. ఎదిగే వయసు కనుక, ఎముక చివర పెరుగుదల జరిగే చోటు దెబ్బతింటే ఆ కాలు రెండో కాలితో సమానంగా పెరగదు. కృత్రిమ పాదం అమర్చినా బిడ్డ ఎదిగేకొద్దీ దాన్ని మార్చుతూ పోవాలి. ఆ పిల్లల తల్లిదండ్రులెవరూ నిర్లక్ష్యం చేసే మనుషులు కారు. చాలా సందర్భాల్లో మిషను నడిపినది కన్నతండ్రో, తాతగారో, బిడ్డను ప్రాణంగా చూసుకునే మరొకరో అయి ఉంటారు.

ఒళ్లో గట్టిగా పట్టుకున్నాను కదా అని మీరు అనవచ్చు. ఆ మిషను సీటు కింద ఒక స్విచ్ ఉంటుంది. నడిపే మనిషి బరువు సీటు మీద నుంచి లేవగానే అది బ్లేడును, ఇంజనును ఆపుతుంది. గుంటలో చక్రం పడి బిడ్డ ఒళ్లోనుంచి జారిపోయినా, మీ బరువు సీటు మీదే ఉంటుంది కనుక ఆ స్విచ్‌కు ఏమీ తెలియదు. అంటే, మనిషి పడిపోతే కాపాడడానికి పెట్టిన ఏర్పాటు, సరిగ్గా బిడ్డ పడిన సమయంలోనే పనిచేయదు. మీ కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపే జరగవలసినది జరిగిపోతుంది.

దీనికంటే నన్ను ఎక్కువగా భయపెట్టేది ఆ తర్వాత జరిగేది. ఒకసారి ఆ సవారీ రుచి చూసిన పిల్లలకు ఇంజను చప్పుడు భయం కలిగించదు, రమ్మని పిలిచినట్టు ఉంటుంది. మరోరోజు మీరు ఒంటరిగా గడ్డి కోస్తుంటే, ఇంట్లో ఆడుకుంటున్న పిల్ల ఆ చప్పుడు విని, ఎక్కించుకుంటారన్న ఆశతో, మీ వెనక వైపు నుంచి పరుగెత్తుకుని వస్తుంది. గడ్డి కోసే మిషను శబ్దం మామూలుగా 90 డెసిబెల్స్‌కు అటూ ఇటూ ఉంటుంది. 85 దాటితేనే చెవులకు రక్షణ పెట్టుకోవాలంటారు. ఆ హోరులో, అందులోనూ మీరు చెవులు మూసుకుని ఉండగా, చిన్నదాని కేక మీకు వినిపించదు. సరిగ్గా అప్పుడే మీరు మలుపు దగ్గర రివర్స్ వేస్తారు. చిన్న పిల్లలు మిషను కింద పడిన ఘటనలలో ఎన్నో ఇలా వెనక్కి నడిపేటప్పుడు జరిగినవే. చాలా మిషన్లలో రివర్స్ వేయగానే బ్లేడు ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది, దాన్ని కాసేపు పక్కన పెట్టడానికి ఒక బటనో, తాళంచెవి మలుపో కూడా ఉంటుంది. పని త్వరగా అవుతుందని దాన్ని వాడవద్దు. వెనక్కి వెళ్లక తప్పనప్పుడు, కదిలే ముందు ఒకసారి, కదులుతున్నంతసేపూ వెనక్కి తిరిగి, మీ ఎత్తున కాకుండా నేల వైపు చూడండి. మూడేళ్ల పిల్ల సీటు వెనక నిలబడితే తల కూడా కనిపించకపోవచ్చు.

బ్లేడు వేగం గురించి లెక్క వేసి చెబుతాను. సుమారు 53 సెంటీమీటర్ల పొడవున్న బ్లేడు నిమిషానికి 3,000 సార్లు తిరిగితే, దాని చివర గంటకు 300 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. నెట్టుకుంటూ నడిచే సాధారణ మిషన్లలో ఉండేది దాదాపు ఈ వేగమే. ఇంజను చల్లారి, స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీసి ఉన్నప్పుడు ఒకసారి ఆ బ్లేడును దగ్గరగా గమనించండి. కోసే అంచు కొసల దగ్గర కొంత మేరకే ఉంటుంది, దాని వెనక భాగం ఫ్యాను రెక్కలా పైకి వంగి ఉంటుంది. ఆ వంపు గాలిని పైకి లాగి గడ్డిని నిటారుగా నిలబెడుతుంది, కోసిన ముక్కలను పక్క ద్వారం గుండా బయటికి విసురుతుంది. గడ్డితో పాటు రాయి, తీగ ముక్క, విరిగిన బొమ్మ ఏది దొరికినా అంతే బలంగా విసురుతుంది. ఆ ద్వారానికి కిందికి వాలి ఉండే ఒక మూత తప్పనిసరిగా ఉండాలి. మీ వీడియోలో, మలుపు తిరిగినప్పుడు, ఆ మూత ఉండవలసిన చోట ఖాళీ కనిపించింది. పెద్దవాడు పరుగెత్తుతున్నది కూడా సరిగ్గా ఆ వైపే.

భుజానికి తగిలించుకుని గడ్డి, పొదలు కోసే బ్రష్ కట్టర్ విషయంలో దూరం ఇంకా ముఖ్యం. తయారీదారులు ఆ మిషన్ల మీదనే సాధారణంగా 15 మీటర్లు అని రాసి ఉంచుతారు. పనిచేసే మనిషికి చుట్టూ అంత దూరంలో మరెవ్వరూ ఉండరాదని దాని భావం. నైలాను తీగ బిగించినా చిన్న రాళ్లు ఎగిరి కంటికి తగలగలవు. ఇనుప బ్లేడు బిగించినప్పుడు మరో ప్రమాదం ఉంది. అది కర్రకో మొద్దుకో తగిలితే మొత్తం కడ్డీ ఒక్కసారిగా పక్కకు తన్నుకుపోతుంది. అంతేకాక, ఎవరో పిలిచారనుకుని నడిపే మనిషి గిరుక్కున వెనక్కి తిరిగితే, ఆయనతో పాటు బ్లేడు కూడా తిరుగుతుంది. కనుక పని జరుగుతుండగా ఎవరూ వెనక నుంచి వెళ్లి భుజం తట్టకూడదు, దూరంగా ఎదుటికి వచ్చి చేయి ఊపాలి. ఈ ఒక్క సంగతి పెద్దవాడికి ఇప్పుడే నేర్పవచ్చు, వాడికి అర్థమవుతుంది. మోటారు రంపంతో చెట్టు కొట్టించే రోజైతే, చెట్టు ఎత్తుకు కనీసం రెండింతల దూరం లోపల పిల్లలు ఉండరాదు. నా మాట వింటే, ఆ రోజు వాళ్లను అసలు తోటకే తీసుకురావద్దు.

నెట్టుకుంటూ నడిచే మిషన్లకు అమెరికాలో 1982 నుంచి ఒక నిబంధన అమలులో ఉంది. హ్యాండిల్ మీద చేత్తో నొక్కి పట్టుకునే కమ్మీని వదిలిన 3 సెకన్లలో బ్లేడు ఆగిపోవాలి. చేతులు నొప్పి పుడుతున్నాయని ఆ కమ్మీని తాడుతోనో తీగతోనో హ్యాండిల్‌కు కట్టేసి పనిచేసేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. పనివాళ్లు ఎవరైనా అలా కట్టి ఉంటే దయచేసి విప్పించండి. ఆ కమ్మీ సరిగ్గా పనిచేస్తున్నప్పుడు కూడా, ఆ 3 సెకన్లు తక్కువ సమయమేమీ కాదు. అంత సేపట్లో మన చిన్నది హాలు ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లిపోతుంది. అందువల్ల, పిల్ల కనిపించాక ఆపుదామనుకోవడం చాలదు. మిషను మొదలుపెట్టే ముందే పిల్లలు ఎక్కడున్నారో ఖాయంగా తెలిసి ఉండాలి.

ఇంట్లో ఇంతమంది పెద్దవాళ్లు ఉండగా ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారని మనం అనుకుంటాము. అందరూ చూస్తున్నారంటే, నిజానికి ఎవరూ చూడడం లేదని నా అనుభవం. అమ్మ వదిన చూస్తోందనుకుంటుంది, వదిన అమ్మ దగ్గర ఉన్నారనుకుంటుంది. కాబట్టి ఇంజను మొదలుపెట్టే తాడు లాగే ముందు మీరు ఒక్క మనిషిని పేరు పెట్టి అడగాలి, ఆ మనిషి పిల్లలు నా దగ్గర ఉన్నారని నోటితో చెప్పాలి, పని పూర్తయ్యేదాకా వాళ్లతో పాటు తలుపు లోపల గడియ వేసుకుని కూర్చోవాలి, వేరే పని పెట్టుకోకూడదు. అరుగు మీద కూర్చుని చూస్తూ ఉండడం కాపలా కాదు. అమ్మ మోకాళ్లతో పరుగెత్తి చిన్నదాన్ని అందుకోలేదు, ఆ బాధ్యత ఆమె మీద పెట్టడం ఆమెకూ అన్యాయమే.

మా పక్కింటాయన పద్ధతి మీకు చెప్పాలి. మా అమ్మాయి వాకిట్లోకి అడుగు పెట్టడం ఆయన కంట పడితే చాలు, చేయి ఊపి పక్కకు పొమ్మనడు, వరసను పూర్తి చేద్దామనుకోడు. కమ్మీ వదిలేసి, చప్పుడు పూర్తిగా ఆగేవరకు మిషను పక్కనే కదలకుండా నిలబడి, ఆ తర్వాతే అమ్మాయిని పలకరిస్తాడు. సగం కోసిన గడ్డి అలాగే ఉంటుంది. ఆమెను మేము లోపలికి తీసుకువెళ్లి తలుపు వేశాకే మళ్లీ మొదలుపెడతాడు. ఆయన్ను చూసి మా అమ్మాయికి కూడా, మిషను తిరుగుతుంటే బయటికి వెళ్లకూడదన్నది ఎవరూ చెప్పకుండానే అలవాటయింది.

ఇక పెట్రోలు. బ్రష్ కట్టర్‌ది టూ-స్ట్రోక్ ఇంజను అయితే పెట్రోలులో ఆయిల్ కలిపి పోస్తారు. ఆ ఆయిల్‌కు ఎరుపో, ఆకుపచ్చో, నీలమో రంగు ఉండడం వల్ల, మిగిలినది తాగునీటి సీసాలో పోసి మూల పెడితే పిల్లల కంటికి అది శరబత్తులాగే కనిపిస్తుంది. నాకు అన్నింటికంటే ఎక్కువ కోపం తెప్పించే అలవాటు ఇదే, ఎందుకంటే దీన్ని మానడానికి ఖర్చు లేదు, కష్టం లేదు. పెట్రోలుకు పెట్రోలు డబ్బానే వాడి, తాళం వేసిన చోట, ఎత్తులో ఉంచండి. ఒకవేళ ఎవరైనా తాగితే వాంతి చేయించకూడదు, ఎందుకంటే వాంతిలో పైకి వచ్చిన పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి వెళితే అసలు ముప్పు అదే. నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఇంజను వేడిగా ఉండగా ట్యాంకు నింపవద్దు, నింపేటప్పుడు పిల్లలు దగ్గర ఉండకూడదు. ఇంజను ఆపిన తర్వాత కూడా సైలెన్సర్ చాలాసేపు కాలుతూనే ఉంటుంది, అది సరిగ్గా చిన్నపిల్లల చేతికి అందే ఎత్తులో ఉంటుంది.

బ్యాటరీతో నడిచేది కూడా ఒకటి తీసుకోవాలనుకుంటున్నట్టు వదిన రాసింది. పొగ, పెట్రోలు బెడద లేకపోవడం మంచిదే. కానీ తాడు లాగే ఇంజనుకు బలం కావాలి, బ్యాటరీ మిషనుకు బటన్ నొక్కితే చాలు, దాని చప్పుడు కూడా తక్కువ కనుక హెచ్చరిక ఉండదు. పని అయిన వెంటనే బ్యాటరీని, దానితో వచ్చే చిన్న తాళాన్ని ఊడదీసి ఇంట్లో పెట్టుకోండి. పెద్ద మిషను తాళంచెవి కూడా దానికే వేలాడదీసి వదిలేయకండి.

పెద్దవాడు తాను కూడా నడుపుతానని అడుగుతున్నాడని తెలిసింది. ఇక్కడి పిల్లల వైద్యుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, నెట్టుకుంటూ నడిచే మిషనుకు కనీసం 12 ఏళ్లు, కూర్చుని నడిపేదానికి కనీసం 16 ఏళ్లు ఉండాలంటుంది. నా దృష్టిలో వయసు ఒక్కటే సరిపోదు. చెప్పిన మాట చివరిదాకా విని, తొందరపడకుండా ఉండే గుణం కూడా రావాలి. అంతవరకు వాడికి నిజంగా ఉపయోగపడే పని ఒకటి అప్పగించండి. గడ్డి కోసే ముందురోజు తోటంతా తిరిగి రాళ్లు, కర్రలు, తీగలు, బొమ్మలు ఏరి బుట్టలో వేయమనండి. అది మిషను పనిలో భాగమే, ఇంజను మొదలయ్యే సమయానికి పూర్తయిపోతుంది కూడా.

జరగకూడదు గానీ, జరిగితే ఏం చేయాలో ఇంట్లో పెద్దలందరికీ తెలిసి ఉండాలి. మొదట ఇంజను ఆపాలి. బిడ్డను బయటికి తీయాలన్న ఆత్రంలో మిషనును ముందుకో వెనక్కో నడపకూడదు. రక్తం వచ్చే చోట శుభ్రమైన గుడ్డ పెట్టి, ఎత్తి ఎత్తి చూడకుండా, గట్టిగా అదిమి పట్టుకోవాలి. వేలు వంటిది తెగిపోతే దాన్ని తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, నీరు చొరని ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని మంచు ముక్కల మీద పెట్టి వెంట తీసుకువెళ్లాలి. తెగిన భాగానికి మంచు నేరుగా తగలకూడదు. గాయం చిన్నదిగా కనిపించినా ఇంటి వైద్యంతో సరిపెట్టవద్దు, మట్టి లోపలికి పోయి ఉంటుంది, ధనుర్వాతం టీకా సంగతి డాక్టరే చూడాలి.

అన్నయ్యా, చివరగా ఒక పని. పెద్ద మిషను సీటు కింద గానీ, వెనక గానీ మోడల్ నంబరు ఉన్న లేబుల్ ఉంటుంది. దాని ఫోటో, గడ్డి బయటికి వచ్చే ద్వారం ఫోటో నాకు పంపండి. ఊడిపోయిన ఆ మూత ఏదో చూసి, దానికి సరిపోయేది ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని రాస్తాను. అది వచ్చి బిగించేవరకు ఆ మిషనును షెడ్డులోంచి బయటికి తీయకండి.

అమ్మకు నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
మీ చెల్లెలు