ఫుట్‌బాల్ క్లబ్ వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, ఈ సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన క్రీడాకారులకు, సభ్యులందరికీ నమస్కారాలు.

మన సీనియర్ జట్టు ఈ సీజన్‌లో తన స్థానాన్ని నిలబెట్టుకోలేక దిగువ డివిజన్‌కు పడిపోయిందన్న సంగతి మీకందరికీ తెలిసిందే. అయినా అది ఎలా జరిగిందో సభ్యుల ముందు వివరంగా ఉంచడం కార్యవర్గం బాధ్యత. ఎందుకంటే సీజన్ ముగిసిన నాటి నుంచి వినిపిస్తున్న కారణాల్లో చాలావరకు వాస్తవానికి దూరంగా ఉన్నాయి.

మన జట్టు చిత్తుగా ఓడిపోయిన మ్యాచ్‌లు తక్కువ. మనల్ని ముంచినవి డ్రాలు. గెలుపుకు మూడు పాయింట్లు, డ్రాకు ఒకటి ఇచ్చే పద్ధతి 1981లో ఇంగ్లండ్ లీగ్‌లో మొదలై, 1994 ప్రపంచ కప్‌లో అమలై, ఆ తర్వాత ప్రపంచమంతటా స్థిరపడింది. ఈ పద్ధతిలో వరుసగా మూడు మ్యాచ్‌లు డ్రా చేసుకున్న జట్టుకు, రెండు ఓడి ఒక్కటి గెలిచిన జట్టుకు వచ్చే పాయింట్లు సమానమే. ఓడిపోలేదు కదా అని మనం ఊరట పొందిన ఆదివారాల్లోనే మనతో పోటీపడుతున్న జట్లు ఒక్కో గెలుపుతో మనల్ని దాటిపోయాయి. చివరికి మనకు పైనున్న జట్టుతో పాయింట్లలో సమానంగా నిలిచి కూడా, కొట్టిన గోల్స్‌కు ఇచ్చుకున్న గోల్స్‌కు మధ్య తేడాలో వెనుకబడి కిందికి దిగవలసి వచ్చింది.

ఫార్వర్డ్‌లు గోల్స్ కొట్టకపోవడమే దీనికి కారణమని కొందరు సభ్యులు అంటున్నారు. నేను దానితో ఏకీభవించను. 1937లో ఇంగ్లండ్ ఛాంపియన్‌గా నిలిచిన మాంచెస్టర్ సిటీ, మరుసటి సీజన్‌లో 80 గోల్స్‌తో డివిజన్‌లోని అన్ని జట్ల కంటే ఎక్కువ కొట్టి కూడా 1938లో దిగువ డివిజన్‌కు పడిపోయింది. కొట్టినవాటితో పాటు ఇచ్చుకున్నవీ లెక్కకు వస్తాయి. మనం ముందంజలో ఉండి చేజార్చుకున్న మ్యాచ్‌లన్నింటిలోనూ గోల్ పడింది ఆట చివరి పావుగంటలోనే.

దానికి కారణం బెంచీ మీద కనిపించేది. ఒక మ్యాచ్‌లో ఐదుగురు సబ్‌స్టిట్యూట్‌లను దించే అవకాశాన్ని 2022 నుంచి ఆట నియమాలు శాశ్వతంగా కల్పించాయి. ఎదుటి జట్లు అలసిన వారి స్థానంలో కొత్తవారిని దించుతుంటే, దూరప్రాంతపు మ్యాచ్‌లకు మనతో బయలుదేరేవారే చాలక, గాయపడిన ఆటగాడు కాలికి పట్టీ కట్టుకుని మళ్లీ మైదానంలోకి వెళ్లిన సందర్భాలున్నాయి. చివరి మ్యాచ్‌లో సమానమైన స్కోరుతో ఆట ముగియబోతుండగా మనకు కార్నర్ కిక్ దొరికింది. మన సెంటర్ బ్యాక్ ఎగిరి తలతో కొట్టిన బంతి క్రాస్‌బార్‌కు తగిలి వెనక్కి వచ్చింది. తిరిగి వచ్చిన ఆ బంతి మీదికి దూకడానికి పెనాల్టీ ఏరియాలో మనవాళ్లలో ఒక్కరికీ సత్తువ మిగల్లేదు. ఆ పిల్లలను తప్పుపట్టే హక్కు మైదానానికి రాని వారెవరికీ లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇంత నిరాశలోనూ గర్వంగా చెప్పుకోదగినది బాలబాలికల ఒకరోజు ఫుట్‌బాల్ ఉత్సవం. 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు ఉండే పెద్దల గోల్‌పోస్టుల మధ్య చిన్న గోల్‌కీపర్‌ను నిలబెడితే వాడికి మిగిలేది భయమే. అందుకని మన సీనియర్ ఆటగాళ్లే చిన్న పోస్టులు తయారుచేసి, చిరిగిన వలలను కూర్చుని అల్లి, ఒకే మైదానాన్ని నాలుగు భాగాలుగా చేసి సున్నపు గీతలు వేశారు. వచ్చిన ప్రతి బిడ్డా ప్రతి మ్యాచ్‌లో ఆడాలన్నదే ఏకైక నిబంధన. పట్టిక పెట్టలేదు, విజేతను ప్రకటించలేదు. ఆ రోజు ఈల పట్టుకుని రిఫరీలుగా నిలిచింది మన మహిళా జట్టు సభ్యులు. ఆ తర్వాత జూనియర్ శిక్షణకు వచ్చే బాలికల సంఖ్య బాలురతో సమానమైంది. క్లబ్ చరిత్రలో ఇది మొదటిసారి.

ఈ ఉత్సవానికి బంతులు సమకూర్చిన దాతలకు, ఉదయం నుంచి సాయంత్రం వరకు ప్రథమ చికిత్స బల్ల దగ్గర ఉన్న వైద్య విద్యార్థులకు, తెల్లవారకముందే గీతలు వేయడానికి వచ్చే మైదాన సంరక్షకుడికి, జెర్సీలు ఉతికి వారం వారం లెక్కతో అప్పగించిన తల్లులకు, సీజన్ మధ్యలో బాధ్యత స్వీకరించి చివరిదాకా నిలిచిన కోచ్‌కు క్లబ్ తరఫున హృదయపూర్వక ధన్యవాదాలు.

అదే సమయంలో ఒక మాట చెప్పక తప్పదు. గత సమావేశంలో చేతులెత్తి పేర్లిచ్చిన వాలంటీర్లలో అధికభాగం మొదటి నెల తర్వాత కనిపించలేదు. ఫోన్ చేస్తే వచ్చే వారం అన్నారు. ఆ వచ్చే వారాలన్నీ ఉన్న కొద్దిమంది మీదే పడ్డాయి. మైదానంలో నీరు నిలుస్తోందని సంబంధిత కార్యాలయానికి పంపిన వినతిపత్రాలకు రసీదులే తప్ప జవాబు రాలేదు. వానాకాలపు మ్యాచ్‌లను బురదలో ఆడించి ఆటగాళ్ల మోకాళ్లను పణంగా పెట్టడం ఇక సాధ్యం కాదని అధికారులకు మరోసారి రాతపూర్వకంగా తెలియజేశాం.

ఆదాయ వ్యయాల పట్టికను కోశాధికారి మీకు విడిగా అందజేశారు. లెక్కలను ఆడిటర్ పరిశీలించి సంతకం చేశారు. అప్పు లేదు, నిల్వ స్వల్పం, సభ్యత్వ బకాయిలు మాత్రం ఎక్కువ.

సీనియర్ జట్టును కొంతకాలం నిలిపివేయాలన్న సూచనను కార్యవర్గం అంగీకరించలేదు. అర్జెంటీనాలోని రివర్ ప్లేట్ 2011లో తన చరిత్రలో తొలిసారి దిగువ డివిజన్‌కు పడిపోయినప్పుడు, ఒకప్పుడు అక్కడ ఆడిన ఫెర్నాండో కావెనాగి, అలెహాండ్రో డొమింగెజ్ తిరిగి వచ్చి ఆడారు. 2012లో ఆ జట్టు ఆ డివిజన్‌ను గెలిచి పైకి వచ్చింది. మన పాత ఆటగాళ్లలో ఆడగలిగినవారిని ఆడమని, ఆడలేనివారిని డిఫెన్స్ శిక్షణ చూడమని కోరుతూ కార్యవర్గం లేఖలు పంపింది. కొందరు ఇప్పటికే ఒప్పుకున్నారు.

వాలంటీర్ల పట్టికను ద్వారం దగ్గర ఉంచాం. పేరు ఎదుట తాము రాగలిగే రోజును కూడా రాసి సంతకం చేయాలని, ఈ నివేదికను ఆమోదించాలని సభ్యులను కోరుతున్నాను.

భవదీయుడు,
కార్యదర్శి