స్టామ్‌ఫర్డ్ ఇంటి అమ్మకంలో మాకు అండగా నిలిచినవారికి కృతజ్ఞతలు

ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో, వెలాండ్ నది ఒడ్డున ఉన్న స్టామ్‌ఫర్డ్‌లో మేము కాపురమున్న పాత రాతి ఇంటి అమ్మకం ఎట్టకేలకు పూర్తయింది. ఒక దశలో ఇక కుదరదనుకున్న ఈ వ్యవహారం ఒడ్డున పడటానికి కారకులైనవారికి పేరుపేరునా నమస్కరించాలని ఉంది. అయితే వారిలో ఒకరిద్దరు తమ పేర్లు బయటపెట్టవద్దని కోరినందువల్ల ఎవరి పేరూ రాయకుండా, చేసిన మేలును మాత్రం వివరంగా రాస్తున్నాను.

స్టామ్‌ఫర్డ్‌ను ఎరగని మిత్రుల కోసం నాలుగు మాటలు. ప్రతి శుక్రవారం సంత జరిగే ఈ పట్టణం, 1967 నాటి సివిక్ అమెనిటీస్ చట్టం కింద ఇంగ్లండులో మొట్టమొదట కన్జర్వేషన్ ఏరియాగా, అంటే పాత రూపును కాపాడవలసిన ప్రాంతంగా, ప్రకటించిన చోటు. లండన్ నుంచి ఉత్తరాదికి పోయే గ్రేట్ నార్త్ రోడ్ ఒకప్పుడు ఊరి నడుమ నుంచే సాగేది కనుక గుర్రపు బళ్ల కాలంలో ఇక్కడ సత్రాలు వర్ధిల్లాయి. రైళ్లు వచ్చి ఆ బళ్ల రాకపోకలు సన్నగిల్లాక, సత్రాల వెనక ఉన్న గుర్రపుశాలలకు పని లేకుండా పోయింది. మా ఇల్లు అటువంటి గుర్రపుశాలే. 1970ల చివర్లో దానిని నివాసంగా మార్చారు. గుర్రాలను కట్టిన చోట వంటగది, ఎండుగడ్డి దాచిన అటక మీద పడకగదులు వచ్చాయి.

కప్పు మీదివి కాలీవెస్టన్ పలకలు. పక్కనే ఉన్న కాలీవెస్టన్ గ్రామంలో తవ్వితీసిన సున్నపురాతి దిమ్మెలను చలికాలమంతా తడి ఆరకుండా ఆరుబయట ఉంచితే, పొరల్లోకి ఇంకిన నీరు గడ్డకట్టి ఉబ్బి రాయిని పలకలుగా చీలుస్తుంది. చూరు దగ్గర పెద్ద పలకలు, పైకి పోయేకొద్దీ చిన్నవి పరుస్తారు. బేతంచెర్ల నాపరాళ్ల మధ్య పెరిగిన నాకు ఆ కప్పును చూసినప్పుడే ఈ ఇంటి మీద మనసుపడింది. చిక్కు కూడా ఆ కప్పు దగ్గరే వచ్చింది. వెనక వాలులో రెండు చిన్న కిటికీలు ఉన్నాయి. వాటిని పెట్టడానికి అనుమతి ఉన్నదా అని కొనుగోలుదారుల తరఫున కాగితాలు చూసే న్యాయవాది, అంటే సొలిసిటర్, అడిగారు.

మా ఇల్లు లిస్టెడ్ బిల్డింగ్, అంటే చారిత్రక విలువ ఉన్నదని ప్రభుత్వ జాబితాలో చేర్చిన భవనం. అటువంటి భవనం స్వరూపం మారే పని అనుమతి లేకుండా చేయడం, ఇప్పుడు అమలులో ఉన్న 1990 నాటి చట్టం ప్రకారం నేరం. పైగా ఎన్నేళ్లు గడిచినా స్థానిక పాలక సంస్థ అయిన కౌన్సిల్ నోటీసు ఇవ్వవచ్చు. చేసినవారెవరైనా సరిచేయవలసిన భారం నోటీసు ఇచ్చేనాటి యజమాని నెత్తిన పడుతుంది. కౌన్సిల్ వెబ్‌సైటులో మా చిరునామాతో వెతికితే ఏ కాగితమూ దొరకలేదు. ఇటువంటప్పుడు ఇన్సూరెన్స్ పాలసీ తీసుకోవడం ఇక్కడ పరిపాటి. అది నష్టాన్ని డబ్బు రూపంలో భరిస్తుందే తప్ప పనిని చట్టబద్ధం చేయదు. పైగా కౌన్సిల్‌ను ఒకసారి సంప్రదిస్తే ఆ పాలసీ సాధారణంగా దొరకదు. అంటే కౌన్సిల్‌ను అడిగాక రికార్డు దొరకకపోతే రెండు దారులూ మూసుకుపోతాయి. ఈ సంగతిని దాచకుండా, తొందరపెట్టకుండా, లాభనష్టాలు రెండూ మా ముందు పెట్టి నిర్ణయం మాకే వదిలిన మా సొలిసిటర్ గారికి మొదటి కృతజ్ఞత.

రెండవది మా పొరుగింటి పెద్దావిడకు. ఆమె ఆ వీధిలో పుట్టి పెరిగిన మనిషి. మా గొడవ విని, ఆ పని చేసిన మేస్త్రి ఇంకా ఉన్నాడని చెప్పి, తానే ఫోన్ చేసి పిలిపించారు. ఎనభై దాటిన ఆ మేస్త్రి గారు అటక మీదికి నెమ్మదిగా ఎక్కి, కిటికీ చట్రం పక్కన పలకల అడుగున ఉన్న సున్నపు గారను బొటనవేలితో తడిమి, ఇది నా చేతి పనేనన్నారు. మర్నాడు ఒక పాత ఫోటో తెచ్చారు. సారువ మీద నిలబడి ఆయన ఆ కిటికీనే అమరుస్తున్న ఫోటో అది. కౌన్సిల్ మనిషి రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడనీ, ముందు పెట్టిన చట్రం ఎత్తుగా ఉందని మార్పించాడనీ ఆయన చెప్పిన తరువాతే కౌన్సిల్‌ను అడగడానికి మాకు ధైర్యం వచ్చింది. అనుమతి లేని పని అయితే అధికారి వచ్చి చట్రం మార్పించి పోడు కదా!

అసలు కీలకం మాత్రం ఆ ఫోటో వెనక ఉంది. మేస్త్రి గారి యజమాని పెన్సిలుతో పని చోటును రాసి ఉంచాడు. అందులో మా ఇంటికి ఇప్పుడున్న పేరు లేదు, ముందు వీధిలోని భవనం పేరు, దాని వెనక గుర్రపుశాల అని మాత్రమే ఉంది. ఇల్లుగా మారకముందు దానికి సొంత చిరునామా ఎక్కడిది? కౌన్సిల్‌లోని కన్జర్వేషన్ అధికారిణి ఆ ఆధారంతో పాత మైక్రోఫిల్ములు తిరగేసి, అనుమతి పత్రాన్నీ, కిటికీలు రెండూ గీసి ఉన్న నక్షానూ వెలికితీశారు. కొత్త పేరుతో వెతికితే దొరకలేదని ఊరుకోకుండా, తన పని వేళ దాటాక కూడా కూర్చుని వెతికిన ఆమె ఓపికకు మా కుటుంబమంతా ఋణపడి ఉంది.

గోడలకు చెమ్మ ఎక్కుతోందన్న కొనుగోలుదారుల భయాన్ని తీర్చడంలో, 1877లో విలియం మోరిస్ తదితరులు స్థాపించిన పురాతన భవనాల పరిరక్షణ సంఘం ఫోనులో ఉచితంగా ఇచ్చిన సలహా ఎంతో ఉపకరించింది. సున్నంతో కట్టిన రాతిగోడ సందుల్లో తరువాత ఎవరో సిమెంటు కూరడం వల్ల లోపలి తేమకు బయటికి పోయే దారి లేకపోయిందని వారి మాటల వల్లనే తేలింది.

దగ్గరి నగరమైన పీటర్‌బరోలోని తెలుగు కుటుంబాల గురించి చెప్పకపోతే తప్పవుతుంది. ఇల్లు చూడటానికి జనం వచ్చిన శనివారాలన్నీ మా పిల్లలను వారి ఇళ్లలో ఉంచుకున్నారు, సామాను కట్టే వారంలో పూటపూటకూ భోజనం పంపారు. వదినలకు, అన్నయ్యలకు, ముఖ్యంగా గోంగూర పప్పు పంపిన పిన్నిగారికి మా నమస్కారాలు.

మేస్త్రి గారు పైసా తీసుకోలేదు. సున్నం పనే చేయించుకోమని ఇల్లు కొన్నవారికి చెప్పమన్నారు, అంతే. ఆయన మాటను ఉన్నదున్నట్టుగా రాసి, ఫోటో నకలుతో సహా తాళాలతో పాటు కొన్నవారికి అందజేశాము. వసంతంలో ఆ సిమెంటు తీయించే పనికి ఆయన శిష్యుడినే పిలుస్తున్నామని వారు నిన్న కబురు పంపారు.