టెక్నాలజీ కొన్నవాడికే పన్ను పోటు

సంపాదకులకు నమస్కారం.

విదేశీ కంపెనీలకు చెల్లించే రాయల్టీ (వాళ్ల టెక్నాలజీ, బ్రాండు వాడుకున్నందుకు ఇచ్చే సొమ్ము), సాంకేతిక సేవల ఫీజుల మీద పన్నును 2023లో 10 శాతం నుంచి 20 శాతానికి పెంచారు. ఫిబ్రవరి బడ్జెట్‌లో ఈ ఊసే లేదు. మార్చిలో సవరణల్లో చేర్చారు, లోక్‌సభలో చర్చ లేకుండానే గట్టెక్కింది. విదేశీయుల మీద పన్నేగా, మనకేంటి అనుకున్నారు చాలామంది.

పేరు వాళ్లది, జేబు మాలాంటి చిన్న పరిశ్రమలది. డ్రాయింగులు, ప్రాసెస్ ఇచ్చే కంపెనీ ‘మీ దేశం పన్నులు మీరే చూసుకోండి, మా 50 లక్షలు మాకు పూర్తిగా అందాలి’ అని ఒప్పందంలో రాయించుకుంటుంది. అప్పుడు చట్టం ఆ 50 లక్షలను పన్ను పోగా మిగిలిన మొత్తంగా లెక్కిస్తుంది. సెస్సుతో కలిపి మేం కట్టేది 13 లక్షలు దాటుతుంది. పాత రేటులో ఆరు లక్షల లోపే అయ్యేది.

జపాన్, జర్మనీలతో ఉన్న పన్ను ఒప్పందాల ప్రకారం 10 శాతమే కదా అని ఆడిటర్లు అంటారు. నిజమే. కానీ అవతలివాళ్లు తమ పన్ను శాఖ నుంచి నివాస ధ్రువపత్రం తేవాలి, ఇక్కడి ఆదాయపు పన్ను పోర్టల్‌లో అందుకు ఒక ఫారం నింపాలి. పెద్ద కంపెనీ అడిగితే పరిగెత్తుకొచ్చి ఇస్తారు. బాలానగర్ షెడ్డులోంచి మేం అడిగితే ఈమెయిల్‌కు జవాబే రాదు.

అమెరికా, బ్రిటన్ ఒప్పందాలది మరో విచిత్రం. అక్కడి ఇంజనీరు వచ్చి పని చేసిపెట్టి వెళ్లిపోతే, ఆ సేవల ఫీజు మీద సాధారణంగా మన దగ్గర పన్ను ఉండదు. అదే మనవాళ్లకు నేర్పి, మళ్లీ తన అవసరం రాకుండా చేస్తే పన్ను పడుతుంది! ఏటా వాళ్లనే పిలిపించుకోవడం చౌక, విద్య నేర్చుకోవడం ఖరీదు.

ఇదే బాలానగర్‌లో సెంట్రల్ టూల్ డిజైన్ సంస్థ 1968లో ఐక్యరాజ్యసమితి సాయంతో మొదలైంది. చుట్టుపక్కల టూల్‌రూముల్లో అక్కడ నేర్చుకున్నవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. విదేశీ విద్య ఇక్కడ ఇంకితే ఏమవుతుందో ఈ నగరానికి వేరే చెప్పక్కర్లేదు. 2015లో అరుణ్ జైట్లీ ఈ పన్నును 25 నుంచి 10 శాతానికి తగ్గించినప్పుడు చెప్పిన కారణం కూడా చిన్న వ్యాపారాలకు తక్కువ ఖర్చుతో టెక్నాలజీ రావాలనే.

బ్రాండు పేరు వాడుకున్నందుకని మాతృసంస్థలకు లాభాలు తరలించేవాళ్లను కట్టడి చేయాల్సిందే, అక్కడ 20 శాతం ఉంచుకోండి. ఒకరితో ఒకరికి యాజమాన్య సంబంధం లేని కంపెనీల మధ్య, తయారీ రంగంలో జరిగే టెక్నాలజీ కొనుగోళ్లకు మాత్రం మళ్లీ 10 శాతం చేయాలి. వచ్చే బడ్జెట్‌కు ముందే మన ఎంపీలు, రాష్ట్ర పరిశ్రమల శాఖ ఈ మాట ఢిల్లీలో గట్టిగా అడగాలి.

— ఒక చిన్న పరిశ్రమ యజమాని, బాలానగర్, హైదరాబాద్