షుగర్ పడిపోతే ఏం చెయ్యాలో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నవంబర్ 14, ప్రపంచ మధుమేహ దినం వస్తోందంటే చాలు, మీ పేపర్లోనే కాదు అన్ని పేపర్లలోనూ షుగర్ గురించి పేజీలకి పేజీలు వస్తాయి, అన్నం తగ్గించండి, నడవండి, స్వీట్లు ముట్టుకోకండి అని. అవన్నీ కరెక్టే, మా అమ్మ అయితే కత్తిరించి బీరువా తలుపుకి అంటిస్తుంది కూడా. కానీ షుగర్ పెరిగితే ఏమవుతుందో రాసినంతగా, పడిపోతే ఏమవుతుందో ఎవరూ రాయట్లేదండీ. అది తెలియకే మొన్న మే నెలలో మా నాన్నని మా కళ్ళ ముందే పోగొట్టుకోబోయాం, అందుకే ఈ ఉత్తరం.

నాన్నకి 71 ఏళ్ళు, షుగర్ వచ్చి 16 ఏళ్ళు. ఇన్సులిన్ లేదు, టాబ్లెట్లే. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకే డౌన్ అవుతుంది, టాబ్లెట్లకి ఏం కాదు అని మేమంతా గట్టిగా నమ్మాం. ఆ రోజు మా మావయ్య కూతురి పెళ్ళి, ఊళ్ళో. పొద్దున్న ఏడింటికి టాబ్లెట్ వేసేసుకుని, టిఫిన్ పెళ్ళింట్లో చేద్దాంలే అని బయల్దేరారు. వెళ్ళేసరికి తొమ్మిదిన్నర దాటింది, టిఫిన్లు అయిపోయాయి, మళ్ళీ వేయిస్తాం ఉండు బావా అంటే, వద్దులేరా ముహూర్తం అయ్యాక భోజనమే చేసేద్దాం అన్నారు. ఆయన పద్ధతే అంత, ఎవర్నీ ఇబ్బంది పెట్టరు.

పదకొండున్నర అప్పుడు చూస్తే పందిట్లో కుర్చీలో కూర్చుని ఉన్నారు, చొక్కా మొత్తం తడిసిపోయి ఉంది. మంచినీళ్ళు తెచ్చిచ్చిన మా అబ్బాయి మీద అందరి ముందూ గట్టిగా అరిచారు, మనవడిని ఏనాడూ ఒక్క మాట అనని మనిషి. మే నెల కదా, వడదెబ్బ కొట్టింది అన్నారు అందరూ, ఉప్పేసి రెండు గ్లాసుల మజ్జిగ తాగించారు, ఇద్దరు విసనకర్రలు పట్టుకున్నారు. మజ్జిగలో ఏముంటుందండీ షుగర్ పెరగడానికి. కాసేపటికి మాట ముద్దగా వస్తోంది, నన్ను చూసి మా అత్త పేరు పెట్టి పిలుస్తున్నారు. వెనకనించి ఎవరో పొద్దున్నే మందు వేసుకొచ్చాడేమో అన్నారు, చుక్క ముట్టని మనిషిని, ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

నాకెందుకో షుగర్ పడిపోయిందేమో అని అనుమానం వచ్చి లడ్డూ తెచ్చి నోట్లో పెట్టాను. సగం తిన్నారో లేదో మా పెద్దమ్మ చేతిలోంచి లాగేసుకుంది, షుగర్ మనిషికి లడ్డూ పెడతావా, చంపేద్దామనా అని. నేనూ భయపడి ఆగిపోయాను. పెద్దమ్మది తప్పు కాదండీ, పదహారేళ్ళుగా ఆయన చేతిలోంచి తీపి లాక్కోవడమే మేమంతా చేస్తున్న పని, అదే ప్రేమ అనుకున్నాం, ఒక్కోసారి తీపే మందు అవుతుందని మాకెవరూ చెప్పలేదు.

అప్పుడు పెళ్ళికూతురి ఫ్రెండ్ ఒకమ్మాయి, డిగ్రీ చదువుతోంది, పరిగెత్తుకొచ్చి తన బ్యాగ్‌లోంచి షుగర్ మిషన్ తీసి వేలు గుచ్చి చూసింది. 43. తనకి చిన్నప్పట్నించీ షుగర్ ఉందట, రోజుకి నాలుగు సార్లు ఇన్సులిన్ చేసుకుంటుందట. గ్లూకోజ్ పౌడర్ మూడు స్పూన్లు అర గ్లాసు నీళ్ళలో కలిపి కొంచెం కొంచెంగా తాగించింది, ఇంకా మింగగలుగుతున్నారు కాబట్టి సరిపోయింది అంది. ఫోన్లో టైమ్ చూసుకుని పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ చూస్తే 61, మళ్ళీ మూడు స్పూన్లు, ఇంకో పదిహేను నిమిషాలకి 88. నాన్న కళ్ళు తెరిచి, ఏమ్మా అందరూ ఇలా నిలబడ్డారు, అక్షింతలు వేశారా అని అడిగారు. ఆ వెంటనే అన్నం తినిపించమంది, లేకపోతే మళ్ళీ దిగిపోతుంది అని.

తిన్నాక కూడా సాయంత్రానికి మళ్ళీ 64కి వచ్చేసింది. హాస్పిటల్‌కి తీసుకెళ్తే రాత్రంతా గ్లూకోజ్ ఎక్కించి ఉంచుకున్నారు. డాక్టర్ గారు టాబ్లెట్ల స్ట్రిప్ చూసి చెప్పిన సంగతులు ఒక్కటి కూడా మాకు అంతకుముందు తెలీదు. నాన్న వేసుకునేది చూడ్డానికి ఒక్క టాబ్లెట్టే గానీ అందులో మూడు మందులున్నాయి, గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోస్. ఇందులో గ్లిమిపిరైడ్ మనం తిన్నా తినకపోయినా ఒంట్లోంచి ఇన్సులిన్ పిండుతూనే ఉంటుందట, దాని పని దాదాపు రోజంతా ఉంటుంది, అందుకే సాయంత్రం మళ్ళీ పడింది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకి ఈ బెడద చాలా తక్కువ. ఇక వోగ్లిబోస్, అది పేగుల్లో పంచదార త్వరగా విడిపోకుండా ఆపుతుంది, అంటే ఆ మందు వాడేవాళ్ళకి డౌన్ అయినప్పుడు పంచదార, లడ్డూ, బెల్లం పెడితే లేటవుతుంది, నేరుగా గ్లూకోజే ఇవ్వాలి. పైగా లడ్డూలో నెయ్యి ఉంటుంది, చాక్లెట్‌లోనూ కొవ్వు ఉంటుంది, అవి ఇంకా ఆలస్యం చేస్తాయి. నేను ధైర్యం చేసి లడ్డూ మొత్తం తినిపించినా టైమ్‌కి పని చేసేది కాదేమో. ఇలాంటి కలిపిన టాబ్లెట్లు ఎంతమంది ఇళ్ళల్లో ఉన్నాయండీ, ఎవరికి తెలుసు ఈ సంగతి?

టెస్టులు చేస్తే క్రియాటినిన్, అంటే కిడ్నీల పనితీరు చెప్పే లెక్క, అది కూడా కొంచెం పెరిగింది, కిడ్నీలు మందగిస్తే మందు ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుందట. గ్లిమిపిరైడ్ తీసేసి వేరే టాబ్లెట్లు రాశారు, ఈ వయసులో మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్టులో (HbA1c) 7 లోపే ఉండాలని పట్టు పట్టక్కర్లేదు, కాస్త ఎక్కువున్నా పడిపోకుండా ఉండటమే ముఖ్యం అన్నారు. అప్పుడు అమ్మ చెప్పింది, అంతకుముందు రెండు మూడు నెలల్నించీ కొన్ని రాత్రులు దిండు తడిసిపోయేదట, కలవరించేవారట, పొద్దున్న తలనొప్పి అనేవారట. అవన్నీ రాత్రిపూట షుగర్ పడిపోయిన గుర్తులు అయి ఉండొచ్చు అన్నారు డాక్టర్. మేం ఉక్క అనుకున్నాం, కొత్త ఫ్యాన్ కొన్నాం.

మీరు ఈసారి షుగర్ గురించి వేసేటప్పుడు ఒక పక్కన ఇది కూడా పెద్ద అక్షరాలతో వెయ్యండి. 70 కంటే తక్కువుంటే డౌన్ అయినట్టే, 54 లోపు అయితే ప్రమాదం. చేతులు వణుకు, చెమటలు, గుండెదడ, విపరీతమైన ఆకలి, ఊరికే కోపం, మాట తడబాటు, ఇవి వస్తే మిషన్ ఉంటే చూడాలి, లేకపోతే ఆలోచిస్తూ కూర్చోకుండా మూడు స్పూన్ల గ్లూకోజ్ గానీ, అది లేకపోతే పంచదార నీళ్ళు గానీ ఇచ్చేయాలి. కొన్ని బీపీ టాబ్లెట్లు వాడేవాళ్ళకి గుండెదడ అంతగా తెలియకపోవచ్చు, చెమట మాత్రం తెలుస్తుంది. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకూడదు, పంచదార నీళ్ళు కూడా, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యాలి.

ఇది కార్తీక మాసం కూడా. సోమవారాలు ఉపవాసం ఉండి, టాబ్లెట్ మాత్రం మానకూడదు కదా అని ఖాళీ కడుపున వేసుకునే పెద్దవాళ్ళు మా వీధిలోనే నలుగురున్నారు, రంజాన్‌లో మా పక్కింటి చాచాదీ ఇదే కథ. ఉపవాసం మానమని నేను అనను, ముందే డాక్టర్ని అడిగి మందు ఎంత, ఎప్పుడు అని మార్పించుకోమని చెప్పండి చాలు. మందుల షాపుల వాళ్ళు కూడా స్ట్రిప్ ఇచ్చేటప్పుడు, ఇది వేసుకుంటే తినకుండా ఉండకండి అని ఒక్క మాట అనొచ్చు కదా. బస్సు కండక్టర్లకీ, స్కూల్లో టీచర్లకీ ఈ గుర్తులు చెప్తే ఇంకా మంచిది, తూలుతున్న మనిషిని తాగుబోతు అని బస్సు దింపేసే ముందు జేబులో ఏముందో చూస్తారు.

నాన్న చొక్కా జేబులో ఇప్పుడు గ్లూకోజ్ పొట్లం ఒకటి, నాకు షుగర్ ఉంది, తూలుతుంటే ఇది నీళ్ళలో కలిపి ఇవ్వండి అని అమ్మ రాసిన చీటీ ఒకటి ఉంటాయి, చీటీ వెనక నా ఫోన్ నంబర్. చొక్కాలు ఉతికేటప్పుడు రెండు సార్లు తడిసిపోయింది, అందుకే ఇప్పుడు ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇస్తున్నాం.

ఇట్లు,
మీ పాఠకురాలు,
తణుకు