గ్రహాంతరవాసులు వచ్చారా, వచ్చాయా?

సంపాదకులకు నమస్కారాలు.

గత ఆదివారం మీ అనుబంధంలో అచ్చయిన సైన్స్ ఫిక్షన్ కథను రెండుసార్లు చదివాను. కథనం బాగుంది, ఊహ కొత్తగా ఉంది. అయితే ఆ కథలో వేరే గ్రహం నుంచి దిగినవారు గణితం తెలిసినవారు. తమలో ఒకరు చనిపోతే శరీరం చుట్టూ చేరి తెల్లవారేదాకా కదలకుండా కూర్చున్నవారు. అటువంటివారిని మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా 'అవి వచ్చాయి', 'అవి చూశాయి', 'మూడు ఏలియన్లు' అని రాయడం నన్ను చాలా బాధించింది. ఏలూరు రోడ్డులోని ఒక ప్రచురణ సంస్థలో ముప్పై ఏళ్ళకు పైగా ప్రూఫులు దిద్దినవాణ్ని కనుక, ఈ మాటల గురించి కొంత వివరంగా రాయడానికి అనుమతించగలరు.

ఇంగ్లీషులో రాసే రచయితకు బహువచనంలో ఈ చిక్కు లేదు. 'దే' అనే ఒక్క సర్వనామం మనుషులకూ మేకలకూ కుర్చీలకూ సరిపోతుంది, క్రియ కూడా మారదు. అందువల్ల వచ్చినవారు ఎటువంటివారో తేల్చకుండానే కథను వంద పేజీలు నడపవచ్చు. తెలుగులో మొదటి క్రియ దగ్గరే తేల్చుకోవాలి. వచ్చారా, వచ్చాయా? ముగ్గురా, మూడా? చీకట్లో తలుపు చప్పుడైతే 'ఎవరది?' అంటాం, అటక మీద చప్పుడైతే 'ఏమిటది?' అంటాం. వ్యాకరణకర్త చిన్నయసూరి విభజనలో స్త్రీలు, తిర్యక్కులు (పశుపక్ష్యాదులు), జడపదార్థాలు కానివన్నీ మహత్తులే (అంటే 'వాడు', 'వారు' అనదగినవే) కనుక దేవతలకూ రాక్షసులకూ కూడా ఆ గౌరవం దక్కింది. పది తలలున్నా 'రావణుడు వచ్చాడు' అనే అన్నాం. అంతెందుకు, ఆకాశంలోని గోళాలను కూడా సూర్యుడు, చంద్రుడు, శుక్రుడు, కుజుడు అని పిలిచి, 'ఉదయించాడు', 'అస్తమించాడు' అంటున్నాం. రాతిగోళమైన కుజుడికి ఇచ్చిన 'డు'ను, ఆ గోళం మీద నుంచి వచ్చి మనతో మాట్లాడే వ్యక్తికి ఇవ్వకపోవడం సమంజసంగా లేదు. ఆడా మగా తెలియదు కదా అనే అభ్యంతరం రావచ్చు. ఒక్కరి గురించే అయినా 'వారు వచ్చారు' అనే వాడుక మనకు తరతరాలుగా ఉంది, అందులో లింగ ప్రసక్తే లేదు.

ఈ విషయంలో నేను చేసిన ఒక తప్పు ఇప్పటికీ నా మనసులో ఉంది. అక్షరాలు చేత్తో పేర్చే రోజుల్లో ఒక అనువాద నవల గ్యాలీ ప్రూఫులు నా బల్ల మీదికి వచ్చాయి. మొదటి నాలుగు అధ్యాయాల్లో 'అవి' అనీ, ఐదో అధ్యాయం నుంచి 'వారు' అనీ ఉంది. పొరపాటనుకుని, అనువాదకుణ్ని అడగకుండానే, అంతటా 'అవి' అని ఏకరీతిగా దిద్దేశాను. పుస్తకం వెలువడ్డాక ఆయన ఒక ప్రతి పట్టుకుని ప్రెస్సుకు వచ్చి, ఎంతో నెమ్మదిగా, ఐదో అధ్యాయంలోనే భూమి మీది మనిషికి వారి మాట మొదటిసారిగా అర్థమవుతుందనీ, అందుకే అక్కడ సర్వనామాన్ని మార్చాననీ చెప్పారు. ఇంగ్లీషు మూలంలో ఆ మార్పు లేదు, ఉండే వీలూ లేదు. అది తెలుగు భాష ఆయనకు ఇచ్చిన అవకాశం, నేను కొట్టేసినది. ఆ పుస్తకానికి రెండో ముద్రణ రాలేదు.

ఇక నామవాచకాల సంగతి. 'గ్రహాంతరవాసి' చక్కని మాట. దేశాంతరం, జన్మాంతరం అన్నట్టే గ్రహాంతరం అంటే మరో గ్రహం. అక్కడ నివసించేవారు గ్రహాంతరవాసులు. వారు ఎక్కడివారో చెబుతుందే తప్ప మంచివారో చెడ్డవారో, అందగాళ్ళో వికారులో చెప్పదు. 'వింతజీవి', 'వికృతాకారం' వంటి మాటలు ఆ తీర్పును ముందే ఇచ్చేస్తాయి. అయితే 'వాసి'కి ఒక హద్దు ఉంది. నగరవాసి, గ్రామవాసి అంటాం గాని చెరువులోని నాచును చెరువువాసి అనం. 2025 ఏప్రిల్‌లో, మనకు సుమారు 124 కాంతి సంవత్సరాల దూరంలోని ఒక గ్రహం వాతావరణంలో, భూమి మీదైతే ప్రధానంగా సముద్రపు సూక్ష్మజీవులు విడుదల చేసే ఒక రసాయనం ఆనవాళ్ళు ఉండవచ్చని కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఇతర శాస్త్రజ్ఞులు దాన్ని ప్రశ్నించారు. అటువంటి వార్తకు 'గ్రహాంతరవాసుల జాడ' అని శీర్షిక పెడితే పాఠకుణ్ని తప్పుదోవ పట్టించినట్టే. అక్కడ 'జీవం' అన్న మాట చాలు.

'ఏలియన్' మాటకు లాటిన్‌లో 'ఇతరులకు చెందిన' అని అర్థం. మన రాజ్యాంగం 22వ అధికరణం ఇంగ్లీషు పాఠంలోని 'ఎనిమీ ఏలియన్' శత్రుదేశపు మనిషే. ఆ చరిత్ర ఏదీ తెలుగులోకి రాలేదు; పెద్ద తల, సన్నని చేతులు, నల్లని కళ్ళు ఉన్న బొమ్మ ఒక్కటే వచ్చింది. రచయిత ఎంత భిన్నమైన రూపాన్ని వర్ణించినా, ఆ మాట పడగానే పిల్లల కళ్ళ ముందు ఆ బొమ్మే నిలుస్తుంది.

ఒక్క మాట ఎంత దూరం తీసుకుపోతుందో తెలియడానికి మా విజయవాడ కాలువలే నాకు గుర్తుకు వస్తాయి. ఇక్కడ బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మనుషులు తవ్వినవి. బుడమేరు తనంతట తాను పారే వాగు. 1877లో మిలాన్ ఖగోళ శాస్త్రజ్ఞుడు స్కియాపరెల్లి కుజుడి మీద గీతలను చూసి 'కెనాలీ' అన్నాడు. ఇటాలియన్‌లో ఆ మాట రెండింటికీ చెల్లుతుంది. ఇంగ్లీషులో అది తవ్విన కాలువగా మారింది. కాలువ ఉంటే తవ్వినవారు ఉండాలి కదా! 1894లో ఆరిజోనాలో వేధశాల కట్టించిన పెర్సివల్ లోవెల్, ధ్రువాల మంచునీటిని ఎండిన నేలకు పారించుకునే ఒక జాతినే ఊహించాడు; ఆ తర్వాత కుజగ్రహవాసులు దశాబ్దాల పాటు కథలను ఏలారు. 1965లో మారినర్ 4 పంపిన ఛాయాచిత్రాల్లో బిలాలు కనిపించాయి, కాలువలు లేవు. 'ఎగిరే పళ్ళెం' కూడా ఇటువంటిదే: 1947లో కెనెత్ ఆర్నాల్డ్ అనే విమాన చోదకుడు తాను చూసిన వస్తువులు నీటి మీద విసిరిన సాసరులా ఎగిరెగిరి పడుతూ కదిలాయని నడక గురించి చెబితే, పత్రికలు దాన్ని ఆకారంగా మార్చాయి.

మన పూర్వులు మనిషికి దగ్గరగా ఉండీ మనిషి కానివారికి 'కిన్నరుడు', 'కింపురుషుడు' అని పేర్లు పెట్టారు. ఇతడు నరుడా, ఇతడు పురుషుడా అనే సందేహమే ఆ పేర్లలో ఉంది, అయినా 'డు' తీసెయ్యలేదు. ఆ పేర్లను ఈనాటి కథల్లో వాడమని నేను అనడం లేదు, వాటికి పురాణాల బరువు ఉంది.

మీ అనుబంధంలోని ఆ కథ ఏదో ఒకనాడు సంపుటిలో చేరుతుందనే అనుకుంటున్నాను. ఆ లోపు ఈ ఉత్తరాన్ని రచయితకు చేరవేయవలసిందిగా కోరుతున్నాను. శవం దగ్గర తెల్లవారేదాకా కూర్చున్న ఆ ఘట్టంలోనైనా 'వారు' అని ఉంటే బాగుంటుందేమో ఆయన ఆలోచించాలి. ప్రూఫుల దశలో అది పది నిమిషాల పని.

భవదీయుడు,
ఒక విశ్రాంత ప్రూఫ్ రీడరు,
సత్యనారాయణపురం, విజయవాడ